బందరు రేవునకు చేరిన దైవసేవకుడు

ధ్యాన భాగము: 1 థెస్సలొనీకయులకు 5:18



ఈ నెల ధ్యానమునకు మేము ఎన్నుకొన్న వచనము మీలో అనేకులకు కంఠస్థమే. సండే స్కూలు పిల్లలు బహుమానము కొరకు మొదట నేర్చుకొను చిన్న వచనములలో ఇది యొకటి. అయితే నేర్చుకొన్నంత సులభముగా దానిని ఆచరించలేము. అన్ని సంగతులలోను దేవునికి స్తోత్రము చెల్లించవలెనని పౌలు వ్రాయుచున్నాడు. పంట గాదెకు చేరిన దినమున ఈ మాట తియ్యగా నుండును. కోతకు వచ్చిన వరి తుపానుకు నేలబడి కంకిమీదనే మొలకెత్తిన దినమున, ఇంటి ముందు పాడె కట్టుచున్న దినమున, ఎవరైనను వచ్చి "అన్నా, స్తోత్రము చెప్పుము" అనినయెడల మన ప్రాణము ఎట్లుండునో మీకు తెలియును.

మన సంఘములలో ఒక మాట తరచుగా వినుచున్నాము. "అయ్యగారూ, నమ్ముకొనక ముందు మాకు ఇన్ని కష్టములు లేవు. బాప్తిస్మము పొందిన తరువాతనే ఎద్దు చచ్చెను, పిల్లవాడు మంచము పట్టెను. ఇరుగు పొరుగువారు నవ్వుచున్నారు. ఏమని చెప్పమందురు?" ఇట్లు అడుగువారిని అవిశ్వాసులని మేము తలంచము. బరువు మోయుచున్నవాడే బరువు సంగతి మాటలాడును. అట్టివారిని ఒక వచనముతో నోరు మూయించుట కాపరి పని కాదు.

మొదట ఈ మాట ఎవరికి వ్రాయబడినదో చూడుడి. థెస్సలొనీక సంఘము పసి సంఘము. పౌలు అచ్చట ఎక్కువకాలము ఉండనే లేదు. ఊరిలో అల్లరి లేచినప్పుడు సహోదరులు ఆయనను రాత్రివేళ పంపివేసిరి. ఆయనకు ఇల్లిచ్చిన యాసోనును అధికారులయొద్దకు ఈడ్చుకొనిపోయి జామీను పుచ్చుకొని విడిచిరి. ఈ సంగతులు అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయములో నున్నవి. కాబట్టి ఈ మాట సుఖముగా కూర్చున్నవాడు సుఖముగా కూర్చున్నవారికి వ్రాసినది కాదు. మరియు పౌలు వాడిన మాటను జాగ్రత్తగా చదువుడి. సంగతుల "యందు" అనెను గాని సంగతుల "కొరకు" అనలేదు. బిడ్డ చనిపోయినందుకు దేవునికి వందనములు చెప్పుమని ఏ తల్లినైనను అడుగుటకు మాకు నోరు రాదు. లేఖనమును ఆమెను అట్లు అడుగుట లేదు. ఆ చీకటిలో నిలిచియుండి ఆమె ఇంకను దేవునితో మాటలాడగలదా, ఆయన చేతిని ఎక్కడనైనను గుర్తుపట్టగలదా అని మాత్రమే అడుగుచున్నది.

ఈ భేదము ఒక యౌవన మిషనరీ చరిత్రలో తేటగా కనబడును. ఆయన పని చేసినది బర్మా దేశములో. అయినను ఆ కథలో మన బందరు రేవు ఉన్నది. ఈ సంగతి మనవారిలో అనేకులు విని యుండరు.

అదోనిరాము జడ్సను గారు 1788లో అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రములో పుట్టెను. తండ్రి పాదిరి. కుమారుడు గొప్ప తెలివిగలవాడు. కళాశాలలో మొదటివాడుగా ఉత్తీర్ణుడాయెను. కొంతకాలము విశ్వాసము విడిచి తిరిగి, మరల ప్రభువు చెంతకు వచ్చి, తూర్పు దేశములకు సువార్త తీసికొని పోవలెనని తీర్మానించుకొనెను. ఆన్ అను యువతిని వివాహమాడగోరి ఆమె తండ్రికి ఆయన వ్రాసిన జాబు చాల ప్రసిద్ధమైనది. నీ కుమార్తెను సుఖముగా చూచుకొందునని అల్లుండ్రు వ్రాయుదురు గదా. ఈయన అట్లు వ్రాయలేదు. నీవు ఆమెను ఈ లోకములో మరల చూడకపోవచ్చును, ఆమెకు వేడిదేశపు జ్వరములు, లేమి, అవమానము, ఒకవేళ ఘోరమైన మరణమును రావచ్చును, దీనికి సమ్మతింతువా అని అడిగెను. మన ఊళ్లలో పిల్లనడుగ వచ్చినవాడు ఇట్లు మాటలాడినయెడల వానిని గుమ్మము దాటనిత్తుమా? ఆ తండ్రి నిర్ణయమును కుమార్తెకే విడిచెను. ఆమె ఒప్పుకొనెను.

1812 ఫిబ్రవరి 5న వారి వివాహము, మరునాడు ఆయన అభిషేకము, 19న ఓడ ప్రయాణము. ఆయనకు 23 సంవత్సరములు, ఆమెకు 22. అదే ఓడలో నూవెలు గారును ఆయన భార్య హారియెటు గారును బయలుదేరిరి. జూనులో కలకత్తా చేరిరి గాని ఈస్టిండియా కంపెనీవారు వారిని ఉండనియ్యలేదు. నూవెలు దంపతులు ముందుగా మారిషసు దీవికి పోయిరి. ప్రయాణములో హారియెటు గారికి పుట్టిన బిడ్డ మరణించెను. నవంబరు 30న ఆమెయు అచ్చట కన్నుమూసెను. ఆమె వయస్సు 19 సంవత్సరములు. ఇంకను ఒక్క ఆత్మకైనను సువార్త చెప్పలేదు. జడ్సను దంపతులు దీవిలో దిగినప్పుడు వారికి ఎదురైన వర్తమానము ఇదియే.

అక్కడనుండి 1813లో మద్రాసుకు వచ్చిరి. మరల వెళ్లగొట్టబడుదుమను భయముచేత అప్పుడు దొరికిన ఒకే ఓడ ఎక్కిరి. అది రంగూనునకు పోవునది. సముద్రము మీద ఆన్ దొరసానిగారు ప్రసవించిరి, బిడ్డ ప్రాణముతో పుట్టలేదు. జూలై 13న రంగూను చేరునప్పటికి ఆమె లేచి నడువలేని స్థితిలో నుండెను.

రంగూను అనగా మన పెద్దలు "రంగము" అని చెప్పుకొను ఊరే. కోస్తా జిల్లాలనుండి ఎందరో కూలి కొరకు స్టీమరు ఎక్కి పోయిరి. 1942లో జపానువారు ఆ దేశముమీదికి వచ్చినప్పుడు అడవులగుండా కాలినడకన తిరిగి వచ్చినవారి కథలు మన ఇండ్లలో నేటికిని వినబడుచున్నవి. ఆ రంగమునకు మనవారు కూడు కొరకు పోకమునుపే ఈ యిద్దరు సువార్త కొరకు పోయిరి. ఆ భాష నేర్చుకొనుటకు తగిన నిఘంటువు లేదు, వ్యాకరణము లేదు. తాటాకుల మీద మాటకు మాటకు ఎడము లేక చెక్కిన గుండ్రని అక్షరములను ఒక గురువు ప్రక్కన కూర్చుండి దినదినమును చదివిరి. 1815 సెప్టెంబరులో వారికి ఒక కుమారుడు పుట్టెను. ఆ ఇంటికి ఆ పిల్లవాడే పండుగ. ఎనిమిది నెలలైనను నిండకమునుపే, 1816 మే 4న, వానిని పాతిపెట్టిరి.

ఇప్పుడు బందరు సంగతికి వచ్చుచున్నాము.

నాలుగు సంవత్సరములు గడచినను ఒక్క బర్మావాడును బాప్తిస్మము పొందలేదు. 1817లో మత్తయి సువార్త తర్జుమా ముగిసెను. ఇక బహిరంగముగా బోధింపవలెను, అందుకు ఆ భాష తెలిసిన స్వదేశ విశ్వాసి ఒకడు తోడుండినయెడల మేలు అని జడ్సను గారు తలంచెను. చిట్టగాంగులో అట్టివారున్నారని విని, ఒకరిని తోడు తెచ్చుకొనుటకై డిసెంబరు చివర ఓడ ఎక్కెను. కొద్ది దినముల ప్రయాణము, మూడు నెలలలో తిరిగి రావలెనని ఆలోచన. భార్యతో అట్లే చెప్పి పోయెను.

ఆ ఓడ చిట్టగాంగు చేరలేదు. ఎదురుగాలి, ఇసుకతిప్పలు, చెప్పినట్లు తిరుగని ఓడ. కడకు కప్తాను చిట్టగాంగు ఆశ వదలి మద్రాసు వైపు త్రిప్పెను. అదియు సాగలేదు. పండ్రెండు వారములు బంగాళాఖాతములో కొట్టుకొనిరి. తిండి అయిపోయెను, నీరు తక్కువాయెను. దారిలో ఎదురైన దేశవాళీ పడవలనుండి దొరికిన బూజుపట్టిన నూకలే ఆహారము. జడ్సను గారు జ్వరముతో చిన్న గదిలో పడియుండెను. కడుగువారు లేరు, అడుగువారు లేరు. 1818 మార్చిలో ఓడ బందరు ఎదుట లంగరు వేసెను. ఆయన పెన్సిలుతో ఒక చీటి వ్రాసి ఒడ్డుకు పంపెను. ఎవరి పేరును తెలియదు గనుక, మచిలీపట్నములో నున్న ఏ ఇంగ్లీషువారికైనను అని పైన వ్రాసెను. ఆయన కోరినది ఆస్పత్రి కాదు, వైద్యుడు కాదు. ఒడ్డున చనిపోవుటకు కొంచెము చోటు కోరెను.

కొంతసేపటికి ఒక పడవ వచ్చుచున్నదని ఓడవారు చెప్పిరి. ఆయన కిటికీ వరకు ప్రాకి చూచెను. ఎఱ్ఱ అంగీలు తొడుగుకొన్న సైనికాధికారులు వచ్చుచుండిరి. ఆయన మోకాళ్లమీద పడి ఏడ్చెను. వారు లోపలికి వచ్చినప్పుడు తన ఒంటి మురికికి సిగ్గుపడి వెనుకకు తగ్గెనట. వారు ఆయనను ఎత్తుకొనిపోయి, ఒక అధికారి ఇంటిలో పరుండబెట్టి, శుభ్రమైన బట్టలు తొడిగి, తల్లివలె ఉపచారము చేసిరి. ఎన్నో సంవత్సరముల తరువాత ఈ సంగతి చెప్పునప్పుడు ఆయన తన్ను తాను పట్టుకొనలేకపోయెనని ఆయన జీవితచరిత్ర చెప్పుచున్నది.

కొంచెము తేరుకొన్న తరువాత రంగూనునకు ఓడ దొరుకునని పల్లకి కట్టించుకొని మద్రాసుకు బయలుదేరెను. మూడువందల మైళ్లు. ఆ బలహీనుని భుజములమీద మోసికొనిపోయిన బోయీల పేర్లు ఏ పుస్తకమునకును ఎక్కలేదు. ఆ ఎండలలో, ఆ వాగులు దాటుచు, తమ భుజములమీద నున్నవాడు ఎవడో ఎరుగక మోసిరి. దేవుని దగ్గర నున్న గ్రంథములో వారి కూలి వ్రాయబడియుండునని మా నమ్మకము.

ఇక రంగూనులో ఆన్ గారి గతి ఏమి? మూడు నెలలు గడచెను, నాలుగు గడచెను. చిట్టగాంగునుండి ఒక పడవ వచ్చి, అట్టి ఓడయే అక్కడికి రాలేదని చెప్పెను. ఊరిలో కలరా. ఇంగ్లీషువారితో యుద్ధము రాబోవుచున్నదని పుకారు. రేవులోని ఓడలన్నియు ఒక్కొక్కటిగా పోవుచున్నవి. తోటి మిషనరీ హఫ్ గారిని కచేరికి పిలిపించి బెదిరించినప్పుడు, ఆమెయే అర్జీ వ్రాయించి అధిపతి యెదుటికి స్వయముగా పోయి ఆయనను విడిపించెను. కడకు హఫ్ గారి కుటుంబము బెంగాలునకు పోవుటకు నిశ్చయించుకొని, ఆమెను కూడ రమ్మనిరి. ఆమె మనస్సు లేకయే జూలైలో ఓడ ఎక్కెను. ఏటి మొగలో ఓడ సరకు సరిగా సర్దలేదని ఆగెను. ఆ ఆగిన దినములలో ఆమె తిరిగి ఆలోచించుకొని, దిగి, పడవ మీద ఒంటరిగా రంగూనునకు మరలిపోయి, ఖాళీగా నున్న మిషను ఇంటి తలుపు తీసికొని లోపలికి పోయెను. భర్త బ్రదికియున్నాడని అప్పటికి ఆమెకు తెలియదు. మేము ఈ స్థలమునకు వచ్చినప్పుడెల్ల పుస్తకము మూసి కొంచెముసేపు ఊరకుందుము.

ఆగస్టు నెల మొదట జడ్సను గారు ఇల్లు చేరెను. మూడు నెలలని పోయినవాడు ఏడు నెలలకు వచ్చెను. చిట్టగాంగు చూడలేదు. ఏ విశ్వాసిని తోడు తెచ్చుకొనుటకు పోయెనో ఆ విశ్వాసి దొరకలేదు. ఒక్క పేజీ తర్జుమా సాగలేదు. లెక్కకు ఏడు నెలలు సున్న.

ఇచ్చట కొందరు బోధకులు తొందరపడుదురు. దేవుడు ఇందుకే ఆయనను బందరునకు తెచ్చెను, చూడుడి, ఆయన సంఘమువారే తరువాత మన తెలుగు దేశమునకు మిషనరీలను పంపలేదా, 1840లో నెల్లూరులోను 1866లో ఒంగోలులోను పని స్థాపింపలేదా, బందరునుండి మద్రాసు పోవు కోస్తా దారిలోనే గదా ఆ ఊళ్లున్నవి అని ముడివేసి చూపుదురు. వినుటకు బాగుగానే యుండును. మేము అంత దూరము పోము. దేవుని ఆలోచన దేవునికి తెలియును. జడ్సను గారు స్తోత్రము చెల్లించినది ఆ ముడి విప్పబడినందుకు కాదు. అప్పటికి నెల్లూరు లేదు, ఒంగోలు లేదు. చీటి పంపగా ఒక పడవ వచ్చెను, ఒక మంచము దొరకెను, ఒక చెయ్యి ముఖము కడిగెను. ఇంటికి రాగా భార్య ఆ ఇంటిలోనే కనిపెట్టుకొని యుండెను. కారణము తెలిసిన తరువాతనే వందనములు చెప్పుదుమని కూర్చుండినయెడల మనలో అనేకులు మౌనముగానే సమాధికి పోవలసియుండును. మీ ఇంటిలో మరణము సంభవించినప్పుడు పొయ్యి వెలిగింపక మునుపే అన్నము గిన్నె తెచ్చిన ప్రక్కింటి అక్కను తలంచుకొనుడి. ఆమె మీ మతస్థురాలు కాకపోయినను సరే. అక్కడ మొదలు పెట్టుడి.

మరియొక సంగతిని దాచుట న్యాయము కాదు. జడ్సను గారు ప్రతి కష్టములోను వెంటనే స్తోత్రము పాడిన మనుష్యుడు కాడు. 1824లో ఇంగ్లీషువారికిని బర్మా రాజునకును యుద్ధము వచ్చినప్పుడు ఆయనను వేగులవాడని అనుమానించి ఆవా నగరపు చెరసాలలో సంకెళ్లతో వేసిరి. రాత్రివేళ ఖైదీల కాళ్లను ఒక వెదురు గడకు తగిలించి పైకెత్తుచుండిరి. ఆన్ గారు దినదినమును నడిచిపోయి అన్నము అందించెను. క్రొత్త నిబంధన వ్రాతప్రతిని ఒక దిండులో కుట్టి ఆయన తలక్రింద నుంచెను. తరువాత ఆయనను వేరొక చెరకు మార్చినప్పుడు ఆమె రోగియై పాలు ఎండిపోగా, కావలివారికి కానుకలిచ్చి సెలవు పుచ్చుకొని, సంకెళ్లతోనే ఆయన పసిబిడ్డ మరియను ఎత్తుకొని ఆ పల్లెలో పాలిచ్చు తల్లుల ఇండ్లకు తిరిగెను. ఆ బౌద్ధ స్త్రీలు తమ బిడ్డల పాలు పంచి ఇచ్చిరి.

విడుదల కలిగెను గాని, 1826 అక్టోబరు 24న, ఆయన దూరప్రయాణములో నుండగా, ఆన్ గారు చనిపోయిరి. ఆరు నెలలకు మరియ. అప్పుడు ఆయన మనస్సు చీకటియైపోయెను. అడవిలో గుడిసె వేసికొని, దాని దగ్గర సమాధి త్రవ్వించుకొని, దాని ప్రక్కన కూర్చుండుచుండెను. ఆన్ గారు పోయి మూడేండ్లు నిండినప్పుడు, దేవుని నమ్ముచున్నాను గాని ఆయన నాకు దొరకుట లేదను భావముతో వ్రాసెను. ఇంత గొప్ప సేవకుడు ఇట్లు వ్రాయవచ్చునా అని అడుగుదురేమో. కీర్తనలు 88 చదువుడి. చీకటి మాటతోనే ముగియు ఆ కీర్తనను దేవుడు తన గ్రంథములోనుండి తీసివేయలేదు. కాలము పట్టెను గాని ఆయన గుడిసె విడిచి పనికి వచ్చెను. 1834లో బర్మా బైబిలు ముగించెను. ఆ దేశపు క్రైస్తవులు నేటికిని దానిని చదువుచున్నారు. చెరలో కాపలావారు పారవేసిన ఆ దిండును, అందులో నున్నదేమో తెలియకయే, జ్ఞాపకార్థము దాచిన శిష్యుడొకడు ఉండెనని చెప్పినయెడల మీరు సంతోషింతురు.

కాబట్టి దుఃఖములో నున్న సహోదరుని స్తోత్రము చెప్పుమని తొందరపెట్టకుడి. ఆయన ప్రక్కన చాప వేసికొని కూర్చుండుడి. ఆయన చెప్పలేని స్తోత్రమును సంఘము ఆయన తరపున చెప్పవచ్చును. అందుకొరకే గదా మనము ఆదివారము కూడుకొనుచున్నాము.

మన మధ్యనుండి కొండ ప్రాంతములకు పోయిన యౌవన సువార్తికులున్నారు. మలేరియా జ్వరములు, అందని జీతము, వినని జనము వారికి క్రొత్త కాదు. వారికి మనము వ్రాయు జాబులలో ఉపదేశములు మెండు, మనియార్డరులు తక్కువ అని ఒక పెద్దాయన నవ్వుచు అనెను. ఆ నవ్వులో నిజమున్నది. ఫోనులో డబ్బు పంపు ఈ దినములలో మనకు పోస్టాఫీసు దూరమను సాకు కూడ లేదు.

ఒక్క విషయము చెప్పి ముగించెదము. మన ప్రభువు స్తోత్రము చెల్లించిన సమయమును పౌలు గుర్తుగా వ్రాసియున్నాడు (1 కొరింథీయులకు 11:23, 24). ఆయన అప్పగింపబడిన రాత్రి అది. అప్పగించువాడు బల్లయొద్దనే యుండెను. విరువబోవునది తన శరీరమునకు గురుతని ఆయనకు తెలియును. అయినను మొదట రొట్టె ఎత్తి తండ్రికి కృతజ్ఞతలు చెల్లించెను, తరువాత విరిచెను. ప్రతి నెల మనము చేరు బల్ల ఆ రాత్రి బల్లయే.

బందరునుండి తిరిగి వచ్చిన మరు సంవత్సరము, 1819 ఏప్రిలులో, జడ్సను గారు చిట్టగాంగు సహాయకుడు లేకయే, బాటప్రక్కన వెదురుతో ఒక సత్రము వంటిది కట్టి అందులో బోధింప మొదలు పెట్టెను. ఆన్ గారు ప్రక్కన స్త్రీలకు బోధించుచుండెను. వినవచ్చినవారిలో మౌంగ్ నౌ అను 35 సంవత్సరముల బీదవాడొకడు. కూలి చేసి బ్రదుకువాడు, ఎక్కువ మాటలాడడు. జూను 27న, ఒడ్డున పెద్ద బుద్ధ విగ్రహమున్న ఒక చెరువులో అతడు బాప్తిస్మము పొందెను. ఆ దేశములో అడుగు పెట్టిన ఆరు సంవత్సరములకు ఆ ఒక్కడు. తరువాతి ఆదివారము, జూలై 4న, అతనితో కలిసి మొదటిసారి ప్రభువు బల్ల యొద్ద కూర్చుండిరి. జడ్సను గారు కృతజ్ఞతలు చెల్లించి రొట్టె విరిచెను. ఆ దినమున బల్ల ఆరాధన రెండు భాషలలో జరిగెను.